బ్లీచింగమ్మ చేతిలో కాడమొక్కలు

పొద్దున్నే స్నానానికని బకెట్ కోసం వెళితే, బకెట్ నిండా గడ్డి.

అది గడ్డి కాదని బ్లీచింగమ్మకి తెలుసు. నీళ్ళలో పెరిగే కాడమొక్కలు. కూతురు ముందుగదిలో ఆరు గాజుతొట్లు పెట్టి పెంచుతోంది. ఎనిమిది నెలలుగా ఇదే భాగోతం. ఈ ఎనిమిది నెలలూ బ్లీచింగమ్మ వాటిని గడ్డి అనే పిలిచింది, పిలిచిన ప్రతిసారీ కూతురి మొహం మాడిపోవడం చూసి కూడా.

“ఏమే పిట్టా! ఈ కొంపలో మనుషులు ఒళ్ళు కడుక్కోవాలా వద్దా? స్నానాలన్నీ నీ గడ్డికేనా?”

“రెండు నిమిషాలమ్మా! దాంట్లో చెయ్యి పెట్టకు, మందు కలిపాను,” అంటూ కూతురు పరుగున వచ్చింది. ఒక చేతిలో సెల్‌ఫోన్, ఇంకో చేతిలో పొడుగాటి పట్టకారు. ఫోన్లో అంకెలు చూసుకుంటూ, టైము కాగానే గుప్పెడు కాడల్ని తీసి మంచినీళ్ళ టబ్బులో వేసి జాడించింది.

బ్లీచింగమ్మ బకెట్ మీదకి వంగి వాసన చూసింది. చూసి నవ్వింది. ఆ నవ్వు మంచిది కాదు.

“ఇది మందా? దీంతో జేబురుమాలు మరక కూడా వదలదు.”

“ఇరవై పాళ్ళ నీళ్ళకి ఒక పాలు బ్లీచింగ్. రెండు నిమిషాలు. అంతకన్నా ఒక్క క్షణం ఎక్కువుంటే ఆకు చచ్చిపోతుంది.”

“నాకు చెబుతున్నావా బ్లీచింగ్ గురించి?”

అది మాత్రం నిజమే. ఆవిడ అసలు పేరు పెద్దాసుపత్రి హాజరుపట్టీలో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. ముప్పై ఏళ్ళుగా ఆ ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్ల మరకలు వదిలించేది ఆవిడే. రక్తం, చీము, మందుల రంగులు, మనిషి ఒంట్లోంచి వచ్చేదేదైనా సరే. ఏ మరకకి ఎంత మందు, ఎంతసేపు అన్నది పెద్ద డాక్టర్లకి కూడా తెలియదు, ఆవిడకి తెలుసు. ఆ తెలివికి బదులుగా వేళ్ళ సందుల్లో తోలు ఊడిపోయి, గోళ్ళు పసుపుపచ్చగా మారి, చలికాలం వస్తే చేతులు పగిలి రక్తం కారేవి. ఆసుపత్రి వాళ్ళు ఇచ్చిన గ్లవ్స్ ముప్పై ఏళ్ళలో మూడు జతలు.

“అసలు వీటికి బ్లీచింగ్ ఎందుకే?”

కూతురు ఒక కాడ ఎత్తి చూపించింది. ఎర్రటి ఆకుల అంచుల్లో నల్లటి నూగులాంటి పాచి. “ఇది పట్టింది. రంగుచేపల దుకాణం చేపలాయన రేపు సాయంత్రానికి రెండొందల కాడలు కావాలన్నాడు. కొత్త కంటాసుపత్రి హాల్లో ఆరడుగుల అక్వేరియం పెడుతున్నారట. పాచి లేకుండా ఇస్తే ఇకమీదట నెలనెలా నా దగ్గరే తీసుకుంటానన్నాడు. ఒక్క ఆకు నల్లగా కనబడినా టోకు వర్తకుడి దగ్గరికి పోతాడు.”

బ్లీచింగమ్మ ఆ మాట విననట్టే వంటింట్లోకి పోయింది. పోయి, రెండు రోజులుగా డబ్బా కింద దాచిన దరఖాస్తు కాగితం తెచ్చి, టిఫినుకి కూర్చున్న కూతురి పళ్ళెం పక్కన పెట్టింది.

“సంతకం పెట్టు. రేపే ఆఖరు.”

కాగితం సంగతి కూతురికి తెలుసు. ఇంకో నాలుగు నెలల్లో బ్లీచింగమ్మ ఉద్యోగం అయిపోతుంది. ఆ ఖాళీలో కూతుర్ని పెట్టుకుంటామని సూపర్‌వైజరు మాటిచ్చాడు. ఇవ్వడానికి ఆయనకి రెండేళ్ళు పట్టింది. ఆ రెండేళ్ళూ బ్లీచింగమ్మ అతని గది ముందు ఎన్నిసార్లు నిలబడిందో లెక్కలేదు.

“పెట్టనని చెప్పానుగా.”

“ఎందుకు పెట్టవ్? మందుల షాపులో ఉద్యోగం విసిరికొట్టి వచ్చావ్. ఊరుకున్నాను.”

“పదకొండు గంటలు నిలబెట్టేవాడు. స్టూలు అడిగితే, కూర్చుంటే నిద్రొస్తుంది అన్నాడు. నువ్వైతే ఏం చేసేదానివి?”

బ్లీచింగమ్మ ఏం చేసేదో ఇద్దరికీ తెలుసు. ఆ స్టూలుతో ఆ యజమాని నెత్తి పగలగొట్టేది. ఇంకెవరి కూతురో అలా ఏప్రన్ విప్పి మొహాన కొట్టి వచ్చిందని వింటే లాండ్రీ అంతా వినబడేలా మెచ్చుకునేది. కానీ సొంత కూతురయ్యేసరికి తల్లులకి ధైర్యం కాళ్ళల్లోకి దిగిపోతుంది. అందరు తల్లులకీ.

గుమ్మంలో కుట్టుమిషను ముందు కూర్చున్న టైలరు, అంటే ఆవిడ మొగుడు, గొంతు సవరించుకున్నాడు. ఒకప్పుడు ఆ మిషను ముందుగది కిటికీ దగ్గర ఉండేది. తొట్లు వచ్చాక ఒక్కొక్క అడుగే జరిగి వంటింటి గుమ్మంలో ఇరుక్కుంది.

“ఇంకొక్క తొట్టి తెచ్చారంటే నేను పొయ్యి మీద కూర్చుని కుట్టాలి,” అన్నాడు.

“నువ్వూరుకోవయ్యా! అన్నీ వేళాకోళాలే నీకు. నీ వల్లే చెడింది అది.”

“నేనేం చేశానే? కాజాలు కుట్టుకుంటున్నాను.”

కూతురు లేచి కాగితాన్ని మడిచి తల్లి చేతిలో పెట్టింది. “అమ్మా, చేపల షాపువాడు పారేసిన రెండు వేళ్ళంత కాడతో మొదలెట్టాను నేను. పైభాగం కోసి నాటితే కణుపు దగ్గర వేరొచ్చింది. మిగిలిన మోడుకి రెండు చిగుళ్ళు వేశాయి. ఒకటి రెండైంది, రెండు నాలుగయ్యాయి. ఇవాళ ఆరు తొట్లు. ఎవడి దయా లేదు దీంట్లో. నన్ను ఆ లాండ్రీలోకి తొయ్యకు. నీ చేతులు చూసుకుంటూ కూడా ఎలా అడుగుతున్నావు?”

ఆ చివరి మాట బ్లీచింగమ్మకి మంటలా తగిలింది. “ఈ చేతులే నీకు అన్నం పెట్టాయి!” అని అరిచింది.

ఇంతలో చేపలాయన ఫోన్ చేశాడు. కంటాసుపత్రి హాలు ఒకసారి చూసుకుని కొలతలు రాసుకోమన్నాడు. కూతురు పొద్దున ముంచినవాటిని తొట్టిలో మళ్ళీ గుచ్చి, చెప్పులేసుకుంటూ, “నేనొచ్చాకే మిగతావి ముంచుతాను. దేన్నీ ముట్టుకోకమ్మా,” అని వెళ్ళిపోయింది. కాసేపటికి టైలరు కూడా కుట్టిన బట్టలు సంచిలో వేసుకుని బయలుదేరాడు.

ఆవేళ బ్లీచింగమ్మకి వారపు సెలవు. ఇంట్లో ఒక్కతే. తొట్లలో గాలిబుడగల చప్పుడు తప్ప ఇంకేం లేదు.

ఊరికే కూర్చునే మనిషి కాదు. గిన్నెలు తోమింది. నేల తుడిచింది. తుడుస్తూ ప్రతి తొట్టి ముందూ ఆగింది. ఎక్కడ చూసినా ఆకుల అంచున ఆ నల్ల పాచి. మరక కనబడితే ఆవిడ చెయ్యి ఆగదు. పైగా లోపల ఇంకో ఆలోచన మొదలైంది. సాయంత్రం దాకా గుప్పెడు గుప్పెడు ముంచుతూ కూర్చుంటుంది వెర్రిది. నేను ఒక్క గంటలో తేల్చేస్తాను. వచ్చి చూసుకుంటుంది. అమ్మ చేతి పని ఏంటో తెలుస్తుంది. అప్పుడు కాగితం ముందు పెడితే కాదనలేదు.

చీర దోపుకుంది. ఒక్కొక్క తొట్టిలో మోచెయ్యి దాకా చెయ్యి పెట్టి కాడలన్నీ పెరికేసింది. బట్టలు నానేసే పెద్ద టబ్బులో నీళ్ళు నింపి, బ్లీచింగ్ పొడి డబ్బా మూత తీసి వంచింది. కళ్ళు మండేంత వాసన వచ్చాక, ఇదీ మందంటే అనుకుంది. కాడలన్నీ అందులో వేసి, పైకి తేలకుండా పళ్ళెం బోర్లించి, మొండి మరక దుప్పటికి ఇచ్చినట్టు అరగంట ఇచ్చింది.

పళ్ళెం తీస్తే పాచి లేదు. బ్లీచింగమ్మ మొహం వెలిగింది. ఎరుపు కూడా లేదు. పచ్చదనం కూడా లేదు. కాడలన్నీ ఉడికిన ఉల్లిపొరల్లా, అటునుంచి ఇటు కనబడేలా ఉన్నాయి. మంచినీళ్ళలో వేస్తే రంగు తిరిగి వస్తుందేమోనని వేసింది. ఒకటి పట్టుకుని ఎత్తితే వేళ్ళ మధ్యే జారి ముద్దయింది. ఇంకొకటి ఎత్తింది. అదీ అంతే. ఇంకొకటి. ఇంకొకటి.

కూతురు తలుపు తోసుకుని వచ్చేసరికి బ్లీచింగమ్మ ఆ టబ్బు ముందు గొంతుక్కూర్చునే ఉంది.

గదిలో వాసన ముందు తగిలింది. కూతురి కళ్ళు తొట్ల మీదకి పోయాయి. ఆరింటిలోనూ బురదనీళ్ళు. తర్వాత టబ్బు మీదకి. చేతిలో కొలతల కాగితం నేల మీద పడింది.

“ఏం చేశావ్?”

“పాచి… పాచి వదిలిద్దామని…”

“ఏం చేశావమ్మా!” ఆ కేకకి పక్కింటి కిటికీ తెరుచుకుంది. “సగం అమ్మి, సగం తిరిగి నాటాలి వీటిని! ఉన్నవన్నీ ఇవే! విత్తనాలు కావు, మళ్ళీ కొనుక్కొచ్చి చల్లడానికి! ముట్టుకోకు అన్నానా, అనలేదా?”

“సాయం చేద్దామనే కదే…”

“సాయమా? రేపు సంతకానికి ఆఖరు. ఇవాళ నా మొక్కలన్నీ చచ్చాయి. నేను చిన్నపిల్లననుకున్నావా? కావాలనే చేశావ్ నువ్వు!”

బ్లీచింగమ్మ లేచి నిలబడింది. తప్పు చేసిన భయం ఎటు పోయిందో, ఒళ్ళంతా భగ్గుమంది.

“నోరు అదుపులో పెట్టుకో! కడుపున పుట్టినదాని కూడు చెడగొట్టేదాన్నా నేను? ఇవి చూడు!” రెండు చేతులూ కూతురి మొహం ముందు పెట్టింది. “ముప్పై ఏళ్ళు వీటిని తినేసింది ఈ మందు. ఎవరి కోసం? నేను బ్లీచింగ్‌లో పుట్టి బ్లీచింగ్‌లో పెరిగాను. నిన్నగాక మొన్న నేర్చుకున్నదానివి, నువ్వు నాకు చెబుతావా రెండు నిమిషాలు, ఇరవై పాళ్ళు అని?”

“ఎవరి దగ్గర నేర్చుకున్నాననుకున్నావ్?” కూతురు ఎదురు అరిచింది. “నీ దగ్గరే! బడి అయ్యాక లాండ్రీకొచ్చి మూటల మీద కూర్చుని హోంవర్క్ రాసేదాన్ని. పుస్తకం చూసేదాన్ని కాదు, నిన్ను చూసేదాన్ని. గరిటె అంచు వేలితో సమంగా గీసి మరీ పోసేదానివి. చేపలాయన అడిగితే గర్వంగా చెప్పాను, ఇంత మందు పెట్టినా నా మొక్కలు చావవు, కొలత మా అమ్మది అని!”

బ్లీచింగమ్మ చాపిన చేతులు దించేసింది.

అప్పుడే టైలరు ఖాళీ సంచి ఊపుకుంటూ లోపలికి వచ్చాడు. ఏదో అనబోయి, ఇద్దరి మొహాలూ చూసి, టబ్బు చూసి ఆగిపోయాడు. వంగి ఒక కాడ పట్టుకున్నాడు. అది చేతికి అంటుకుంది. జీవితంలో మొదటిసారి ఆయనకి వేళాకోళం తట్టలేదు. మెల్లగా, ఇంకా ఏమైనా మిగిలి ఉంటుందేమోనన్న ఆశతో అడిగాడు.

“ఎన్ని పాళ్ళు కలిపావే?”

మామూలు ప్రశ్న. ముప్పై ఏళ్ళలో ఎవరు ఏ వేళ అడిగినా తడుముకోకుండా చెప్పే జవాబు. బ్లీచింగమ్మ జవాబు కోసం వెతికింది. డబ్బా మూత తీయడం గుర్తుంది. వంచడం గుర్తుంది. కొలవడం గుర్తులేదు. ఎందుకంటే కొలవలేదు.

“చెప్పమ్మా,” అంది కూతురు. ఈసారి అరవలేదు. అరిచి ఉంటే బావుండేది. “డబ్బా ఎత్తి వంచేశావు కదా? ఆ ఆఫీసరులాగే.”

ఆ ఆఫీసరు కథ ఆ ఇంట్లో వందసార్లు చెప్పుకున్న కథ. ఏడేళ్ళ కింద లాండ్రీకి కొత్త ఆఫీసరు వచ్చాడు. బ్లీచింగమ్మ గరిటెతో కొలుస్తుంటే, “ఇందులో కొలతలేంటమ్మా, ఎవరైనా పొయ్యొచ్చు” అని డబ్బా లాక్కుని తనే వంచాడు. నలభై ఆపరేషన్ గౌన్లు జల్లెడలై బయటికొచ్చాయి. తప్పు ఆడవాళ్ళ మీద రాసి జీతాలు కోస్తానన్నాడు. బ్లీచింగమ్మ పద్నాలుగు మందిని కూడగట్టి మురికి మూటల మీద కూర్చుంది. సగం రోజు ఒక్క దుప్పటి ఆ గది దాటలేదు. ఆఖరికి ఆఫీసరే వచ్చి అందరి ముందూ తప్పు ఒప్పుకున్నాడు. ఆ రోజు ఆవిడ అతని మొహం మీదే అంది: “నీకు మా పని తెలియకపోవడం తప్పు కాదయ్యా. మాది పనే కాదనుకున్నావు చూడు, అదీ తప్పు.”

ఇప్పుడు ఆ మాటే ముందుగదిలో ఆవిడకి ఎదురు నిలబడింది. ముక్కూ మొహం తెలియని రోగుల దుప్పట్లకి చుక్క లెక్కన కొలిచి పోసింది. కూతురు ప్రాణం పెట్టి పెంచుకున్నదానికి డబ్బా వంచేసింది. గడ్డే కదా అనుకుంది. కావాలని చేయలేదు, అది నిజం. కానీ విలువ ఉందనుకుంటే కొలిచేదే. అది కూడా నిజం. ఏ నిజం పెద్దదో తేల్చుకోవడానికి ఆవిడకి ఎంతోసేపు పట్టలేదు.

టబ్బు పక్కనే కూలబడింది. ఏడుపు వచ్చింది. ఆఫీసరు ముందు, సూపర్‌వైజరు ముందు, చేతులు పగిలి రక్తం కారినప్పుడు కూడా రాని ఏడుపు. టైలరు భుజం మీద చెయ్యి వేయబోతే విదిలించుకుంది. కూతురు ఓదార్చలేదు. ఓదార్చాల్సిన పనీ లేదు. కత్తెరా పట్టకారూ తీసుకుని మొదటి తొట్టి ముందు కూర్చుని, బురదనీళ్ళలో వెతకడం మొదలుపెట్టింది.

బ్లీచింగమ్మ మొహం కడుక్కుని చెప్పులేసుకుంది. ఎక్కడికని ఎవరూ అడగలేదు.

చేపల దుకాణం రెండు వీధుల అవతల. గోడంతా నీలం లైట్లు, గాజు వెనక చేపలు. చేపలాయన నిచ్చెనెక్కి సామాను సర్దుతున్నాడు.

“దిగయ్యా. నీతో మాట్లాడాలి.”

“మీరెవరమ్మా?”

“కాడమొక్కల పిల్ల తల్లిని. రేపు నీకు మొక్కలు రావు. నేను చంపేశాను.”

చేపలాయన నిచ్చెన మీదే ఉండిపోయాడు. ఆవిడ దాచకుండా అంతా చెప్పింది, డబ్బా వంచిన సంగతితో సహా. వింటూ వింటూ అతని మొహం ఎర్రబడింది.

“అమ్మా, నేను అక్కడ మాటిచ్చేశాను! రేపు తొట్టి ఖాళీగా ఉంటే నా మొహాన ఉమ్మేస్తారు. అందుకే అంటారు మావాళ్ళు, ఇళ్ళల్లో పెంచేవాళ్ళని నమ్మొద్దని!”

“ఆ మాట అనకు!” బ్లీచింగమ్మ గొంతు లేచింది. దుకాణంలో ఉన్న ఇద్దరు ముగ్గురు తిరిగి చూశారు. “ఇళ్ళల్లో పెంచేవాళ్ళకేం తక్కువ? నా కూతురు పనిలో తప్పుంటే చూపించు. తప్పు నాది. తిట్టాలంటే నన్ను తిట్టు, నిలబడతాను. చేయని తప్పుకి దాని పని తీసేస్తానంటే మాత్రం నీ షాపు ముందు నుంచి కదలను. కూర్చోవడం నాకు బాగా అలవాటు.”

చేపలాయన నిచ్చెన దిగి ఆవిడని పైకీ కిందకీ చూశాడు. చేతులు చూశాడు.

“కొలత మా అమ్మది అని చెబుతుంటుంది. ఆ అమ్మ మీరేనా?”

“నేనే.” ఆ ఒక్క మాట చెప్పడానికి ఆవిడకి చాలా సిగ్గేసింది.

అతను తల గోక్కున్నాడు. “రేపటికి టోకు వర్తకుడి దగ్గర తెస్తాను. వేరే దారి లేదు. కానీ కంటాసుపత్రిలో మూడు నెలలకి మొక్కలు మార్చాలి. అప్పటికి మీ అమ్మాయి తేగలిగితే, పాచి లేకపోతే, తీసుకుంటాను. నెలనెలా అన్న మాట ఇప్పుడు ఇవ్వను. అప్పుడు చూస్తాను.”

గెలుపు కాదది. బ్లీచింగమ్మకి గెలుపులంటే ఏమిటో తెలుసు, ఇది కాదు. అయినా తలూపింది.

దారిలో ఆగి సూపర్‌వైజరుకి ఫోన్ చేసింది. “అయ్యా, మా అమ్మాయి రాదు. ఆ చోటు నాతో పనిచేసే ఆమె కోడలికి ఇవ్వండి, పాపం ఎప్పటినుంచో అడుగుతోంది.”

“అదేంటి? రెండేళ్ళు నా ప్రాణం తీశావు కదా!”

“తీశాను. తప్పైంది. దానికి వేరే పనుంది. గ్లవ్స్ మాత్రం ఆ పిల్లకి మొదటి రోజే ఇప్పించండి. లేకపోతే రిటైరయ్యాక కూడా వచ్చి కూర్చుంటాను.”

ఇంటికొచ్చేసరికి సాయంత్రమైంది. టైలరు బురదనీళ్ళు తోడి బయట పోస్తున్నాడు. కూతురు నాలుగో తొట్టి ముందుంది. పక్కన తడిగుడ్డ మీద వరసగా పేర్చిన వేలెడేసి మోళ్ళు. బ్లీచింగమ్మ మొరటుగా పెరికినప్పుడు అడుగున తెగి, మట్టిలోనే ఉండిపోయినవి. నలభై దాకా ఉంటాయి. చాలావాటికి వేళ్ళున్నాయి, ఒక్క ఆకు లేదు.

బ్లీచింగమ్మ నిలబడే చెప్పింది. చేపలాయన ఏమన్నాడో, సూపర్‌వైజరుకి తనేమందో. కూతురు తల ఎత్తకుండానే విన్నది. అంతా అయ్యాక, “మూడు నెలలా?” అంది.

“మూడు నెలలు. చాలవా?”

“కణుపులు బతికితే చాలొచ్చు.” పట్టకారు పక్కన పెట్టి మోచేత్తో కళ్ళు తుడుచుకుంది. “నిన్ను అంత మాట అనకూడదు. కావాలనే అని.”

“అనకూడదు. కానీ నేను అనిపించుకున్నాను.” బ్లీచింగమ్మ మెల్లగా కూతురి పక్కన కూర్చుంది. “వెనక్కి తీసుకోకు. నాకు కొన్నాళ్ళు గుర్తుండాలి.”

“నా కోపం ఇంకా పోలేదమ్మా.”

“ఎలా పోతుంది? ఆ ఆఫీసరు మీద నాకు ఏడేళ్ళైనా పోలేదు.”

కూతురికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ముక్కు చీదుకుని, తడిగుడ్డ మీద నుంచి ఒక మోడు తీసి ఆ పగిలిన అరచేతిలో పెట్టింది. తల్లి దాన్ని రెండు వేళ్ళ మధ్య జాగ్రత్తగా పట్టుకుంది. తొట్టిలో చెయ్యి పెట్టలేదు. అంచు దగ్గరే ఆగి అడిగింది.

“ఎంత లోతు?”

“రెండు కణుపులు మట్టిలోకి పోవాలి. ఒకటి పైన ఉండాలి. నొక్కకు.”

“రెండు లోపల, ఒకటి బయట,” అని పైకే చెప్పుకుంటూ, కూతురు ఊఁ అనేదాకా ఆగి, బ్లీచింగమ్మ చెయ్యి నీళ్ళలో పెట్టింది.